జీతం 18,000, వాయిదాలు 17,500

ఒంగోలులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఏడో తరగతికి బారువడ్డీ, ఎనిమిదో తరగతికి చక్రవడ్డీ ఏటా నా సుద్దముక్కతోనే నడుస్తాయి. ఇంటి వడ్డీ లెక్క మాత్రం 2024 జూన్ 30 దాకా వేయలేదు. చేతకాక కాదు, ఆ అంకె చూడాలంటే భయమేసి.

కూర్చుని లెక్క వేసేలా చేసింది ఒక ఫోన్ యాప్. మాకు మే నెల జీతం ఉండదు. ప్రైవేటు స్కూళ్లలో పనిచేసేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మే 22న ఫోన్లో ఒక అప్పుల యాప్ దించుకుని, అది అడిగిన ప్రతిదానికీ సరేనని నొక్కాను. 15,000 అడిగితే రుసుములంటూ కోసుకుని 10,800 వేశారు. వారంలో 15,000 తిరిగి కట్టాలి. కొంత కట్టి గడువు అడిగితే, గడువు ఇచ్చినందుకు మళ్లీ రుసుము. జూన్ 20కి నేను కట్టింది 17,500 అయింది. వాళ్ల లెక్కలో నేను ఇంకా 15,000 బాకీ.

జూన్ 27 ఉదయం, ప్రార్థన గంట కొట్టకముందే, మా హెడ్‌మాస్టరు గారికీ ఆరుగురు పిల్లల తల్లిదండ్రులకూ నా ఫొటో వెళ్లింది. కింద 'ఈమె దొంగ' అని ఇంత లావు అక్షరాలు. హెడ్‌మాస్టరు గారు గదిలోకి పిలిచి, ఫోను నా వైపు తిప్పి, "అమ్మా, మీరు ముందు కూర్చోండి" అన్నారు. ఆ ఒక్క మాటకు ఏడుపు ఆగలేదు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమని చెప్పింది కూడా ఆయనే. మూడోసారికి కలిసింది. డబ్బు ఏ తేదీన, ఏ ఖాతాకు పంపానో, లావాదేవీ నంబర్లతో సహా అడిగారు. అవి దగ్గర లేకపోతే ఫోన్ పట్టుకుని వెతుక్కోవాల్సి వస్తుంది, ముందే రాసిపెట్టుకోండి. ఫిర్యాదు నంబరు తీసుకుని స్టేషనుకు వెళితే, అక్కడ రాసుకున్న కానిస్టేబులు, "ఇక రూపాయి కూడా పంపకండమ్మా, పంపినకొద్దీ అడుగుతారు" అన్నాడు. పంపలేదు. మెసేజీలు మూడు వారాలు వచ్చి ఆగిపోయాయి. పోయిన డబ్బు రాలేదు.

ఆ ఫొటో అందుకున్నవాళ్లలో ఒకావిడ సాయంత్రం స్కూలు గేటు దగ్గర నిలబడి ఉంది. నిలదీస్తుందనుకుని చున్నీ సర్దుకుంటూ తల వంచుకుని నడిచాను. ఆవిడ దగ్గరికి వచ్చి, "టీచర్, ఏ యాప్? మేమూ ఇరుక్కున్నాం" అంది.

ఆ ఆదివారమే మా అబ్బాయి పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీద రాయడం మొదలుపెట్టాను. మామయ్యగారి ఆపరేషన్‌కు 2022 ఆగస్టు 17న టంగుటూరులో ఒక పెద్దాయన దగ్గర ప్రామిసరీ నోటు రాసి తెచ్చిన లక్షన్నర. నూటికి మూడు రూపాయలు, అంటే నెలకు 4,500. ఆడపడుచు పెళ్లికి ప్రైవేటు ఫైనాన్సులో పెట్టిన ఐదు సవర్ల మీద 1,40,000, వడ్డీ 2,100. క్రెడిట్ కార్డు బాకీ 68,000, కనీస మొత్తం 3,400. లక్ష చీటీ ఆరో నెలలోనే పాడుకున్నాను కాబట్టి ఇంకా పది నెలలు, నెలకు 5,000. డ్వాక్రా సంఘంలో నా వాటా 45,000, నెలకు 2,500. కిరాణా ఖాతా 9,400. మొత్తం 4,62,400.

నెలనెలా కట్టేవి కూడితే 17,500. నా జీతం 18,000. మా ఆయనది మోటారు వైండింగ్ పని. ఎండల్లో చేతినిండా ఉంటుంది, వానల్లో ఉండదు. సగటున 15,000. ఇంటద్దె 4,500 పోను ఆరుగురం దాని మీదే బతుకుతున్నాం. ఆయన నా భుజం మీదుగా చూసి, "రాస్తే ఎక్కువ కనిపిస్తోంది" అని లేచి వెళ్లిపోయారు.

అన్నిటికన్నా నన్ను దెబ్బతీసింది కార్డు లెక్క. నెలకు 3,400 కడుతున్నాను కదా, తగ్గుతోందిలే అనుకునేదాన్ని. 68,000 మీద నెలకు 3.5 శాతం వడ్డీ 2,380. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 428. అంటే 2,808 వడ్డీకే పోతోంది, అసలు తగ్గేది 592. ఇదే లెక్క ఏ పిల్లాడైనా చేయకపోతే గోడకుర్చీ వేయించేదాన్ని.

ఇంకొకటి కూడా ఆ రాత్రే తెలిసింది. ఎవరికి ముందు కట్టాలో నాకు వడ్డీ రేటు ఎప్పుడూ చెప్పలేదు, మొహమాటం చెప్పింది. చీటీ వేసే అక్క ఎదురింట్లో ఉంటుంది, అందుకని ఒకటో తేదీనే ఆమెకు. డ్వాక్రా వాయిదా తప్పితే పదిమంది ఆడవాళ్లు గుమ్మంలోకి వస్తారు, అందుకని ఐదో తేదీకి వాళ్లకు. టంగుటూరు పెద్దాయన మా మామయ్యగారికి చిన్ననాటి స్నేహితుడు, బాబాయిగారూ అంటాం. ఆయనకు ఆలస్యం చేయడమే! మొహం లేనిది ఒక్క కార్డే. అందరికన్నా ఎక్కువ వడ్డీ దానిదే, అందరికన్నా చివర కట్టేదీ దానికే.

జూలైలో క్రెడిట్ రిపోర్టు, అంటే నా అప్పుల చరిత్ర, తీశాను. ఆ చరిత్ర నమోదు చేసే ఒక్కో సంస్థ దగ్గరా ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇస్తారు, అలాంటివి నాలుగు ఉన్నాయి. సిబిల్ స్కోరు 611. 2021లో తీరిపోయిన బైకు అప్పు ఇంకా నడుస్తున్నట్టు ఉంది. అప్పట్లో ఇచ్చిన నో డ్యూ కాగితం బియ్యం డబ్బా మీది పాత పుస్తకాల మధ్య దొరకబట్టి సరిపోయింది. అది జతచేసి ఫిర్యాదు పెడితే నాలుగు వారాలకు సరిచేశారు.

ఇంటి ఖర్చు తగ్గించడం గురించి ఎక్కువ చెప్పను, తగ్గించడానికి అక్కడ ఉన్నదే తక్కువ. పాలు అరలీటరు మానిపిస్తే అత్తయ్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మళ్లీ తెప్పించాను. నిజంగా తగ్గింది కిరాణా. వడ్డీ లేని బాకీ అయినా ఆ 9,400నే ముందు తీర్చేసి ఖాతా పుస్తకం మూయించాను. చేతిలో డబ్బు పెట్టుకుని కొంటుంటే నెలకు 5,200 అయ్యేది 3,900కి దిగింది. 'టీచరమ్మ ఖాతాలో రాయి మామా' అని మా పిల్లలు తెచ్చుకున్న బిస్కెట్లు అంత ఉన్నాయన్నమాట. జూలై నుంచే సాయంత్రం ట్యూషను మొదలుపెట్టాను. ఎనిమిది మంది, తలకు 500.

సెప్టెంబరు దాకా బండి ఎలాగో నడిచింది. అక్టోబరులో మా ఆయనకు డెంగ్యూ. ఐదు రోజులు ఆసుపత్రి, 21,000. ఆ నెల కార్డుకు కట్టలేదు, ఫైనాన్సుకు కట్టలేదు. బాబాయిగారి 4,500 మాత్రం 17వ తేదీకల్లా టంగుటూరు చేరింది. ప్లేట్‌లెట్ల కాగితం ఒక చేతిలో పట్టుకుని రెండో చేత్తో ఆయనకు ఫోన్‌పే చేశాను. నామీద నాకే విసుగేసింది.

నగలు ప్రైవేటు ఫైనాన్సు నుంచి బ్యాంకుకు మార్చాలని అప్పుడు గట్టిగా అనుకున్నాను. అక్కడ ఏడాదికి నూటికి 18, బ్యాంకులో 9. చెప్పడానికి సులువే. చిక్కు ఏమిటంటే, బ్యాంకులో పెట్టాలంటే నగలు చేతిలో ఉండాలి, నగలు చేతికి రావాలంటే ముందు అక్కడ మొత్తం కట్టాలి. లక్షా నలభై వేలు, మూడు గంటల కోసం, ఎవరిస్తారు? కనిగిరిలో మా అక్క ఇచ్చింది. కూతురి ఇంజినీరింగు ఫీజు కోసం దాచింది. ఇచ్చింది అనడం కన్నా తనే తెచ్చింది అనాలి. నవంబరు 19, మంగళవారం, చేతిసంచీలో డబ్బు పెట్టుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని బస్సు దిగింది. "నాలుగింటికి నాకు బస్సు. అప్పటికి నా డబ్బు నా సంచీలో ఉండాలి" అంది.

ఫైనాన్సు ఆఫీసులో 1,40,000 కాదు, 1,43,900 అన్నారు. అక్టోబరు వడ్డీ కట్టలేదు కదా, ఒక నెల దాటితే రేటు పై మెట్టు ఎక్కుతుందట. అప్పు తీసుకున్న కాగితం వెనక సన్న అక్షరాల్లో ఉంది, నేనే చదవలేదు. అక్క తెచ్చినదానికి మా ఆయన దగ్గరున్నది కలిపి కట్టాం. నగలు చేతికి వచ్చేసరికి పదకొండు ఇరవై. మంగళవారం నగలు తీయకూడదని పక్కన ఒకావిడ అంటుంటే అక్క ఒక చూపు చూసింది.

బ్యాంకులో అప్రైజరు ఒంటిగంట దాకానే ఉంటాడు. మా ముందు నలుగురు. ఆయన గొలుసును గీటురాయి మీద రుద్ది, చుక్క ఆమ్లం వేసి, ఆ గీత వైపు చూస్తున్నంతసేపూ నాకు ఊపిరి ఆడలేదు, మా నాన్న పెట్టిన గొలుసు అయినా సరే. గాజుల లోపల లక్క ఉందన్నాడు. కమ్మలకు రాళ్ల బరువు తీసేశాడు. నలభై గ్రాములు అనుకున్నది 36.4 దగ్గర తేలింది. ఇన్నేళ్లూ ఐదు సవర్లని చెప్పుకుంటున్న నగల్లో అర సవర దాకా లక్కా రాళ్లే. అయినా బంగారం ధర పెరగబట్టి 1,80,000 ఇచ్చారు. డబ్బు ఖాతాలో పడేసరికి రెండున్నర, నగదు తీసేసరికి మూడుంపావు. అక్క అక్కడే బల్ల మీద కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టుకుని, బస్టాండుకు ఆటో ఎక్కేదాకా నవ్వలేదు.

బ్యాంకు రుసుములు 1,100 పోను చేతిలో 35,000 మిగిలింది. లెక్క ప్రకారం అది కార్డుకు కట్టాలి. నేను టంగుటూరు తీసుకెళ్లాను. ఇక్కడ మళ్లీ మొహమాటమే గెలిచిందని ఒప్పుకుంటున్నాను, కాకపోతే ఈసారి కొంచెం పని సాధించుకుని వచ్చాను.

ఆదివారం, నవంబరు 24. వెళ్లేముందు వేసిన లెక్క: ఇరవై ఏడు నెలలు, నెలకు 4,500, మొత్తం 1,21,500. తెచ్చిన లక్షన్నరలో ఒక్క రూపాయి తగ్గలేదు. నోటు మీద ఒక్క చెల్లు, అంటే ఇంత కట్టినట్టు రాసిన రాత, లేదు. బాబాయిగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. కాఫీ వచ్చింది. పొగాకు ధరలు, మామయ్యగారి మోకాలు అన్నీ అయ్యాక, అసలులో 35,000 తెచ్చానని చెప్పి, నోటు వెనక చెల్లు వేసుకుందామన్నాను.

"ఏమ్మా, నామీద నమ్మకం లేదా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. ఒంగోలులో మాకు తెలిసిన ఒక ప్లీడరు గారి గుమాస్తాను ముందే అడిగి వెళ్లాను. "నమ్మకం లేక కాదు బాబాయిగారూ. నోటుకు మూడేళ్లే గడువు. వచ్చే ఆగస్టు 17తో దాటిపోతుంది. నేను కట్టినట్టు రాసి, సంతకం పెడితే ఈ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. ఇది మీకే మంచిది" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆగస్టులో ఎలాగూ తిరగరాయమని అడగాలనుకున్నారట, ఎలా అడగాలో తెలియక ఊరుకున్నారట. ఆయనకూ మొహమాటమే! నోటు తెచ్చి తేదీ, మొత్తం నాచేతే రాయించి సంతకం పెట్టించారు. ఆ ఊపులోనే వడ్డీ సంగతి ఎత్తాను. రెండు రూపాయలకు ఒప్పుకోవడానికి ఇంకో కాఫీ పట్టింది. అసలు 1,15,000, వడ్డీ 2,300. నగలకూ నోటుకూ కలిపి నెలకు 6,600 కట్టేవాళ్లం, ఆ రోజు నుంచి 3,650.

కార్డు వాళ్ల ఫోన్లు నవంబరులోనే మొదలయ్యాయి. రోజుకు ఆరు, ఏడు. ఒకతను రాత్రి తొమ్మిదింటికి చేస్తే, ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలుకు ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు చెప్పిందని అన్నాను. అతను ఫోన్ పెట్టేశాడు, మర్నాడు ఎనిమిదీ ఒక నిమిషానికి చేశాడు. నిజమే, నిబంధన తప్పలేదు. జనవరిలో ఇద్దరు ఇంటికి వచ్చారు. గట్టిగా అరవలేదుగానీ, గుమ్మంలో చెప్పులు విప్పకుండా అలాగే నిలబడ్డారు. ఏదైనా కాగితం మీద పంపమన్నాను.

ఫిబ్రవరి 19న కాగితం వచ్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ముద్ర చూసి అత్తయ్య దేవుడి గది ముందు కూలబడింది. అది కేసు కాదు. కేసు వేయకముందే రాజీకి రమ్మని పిలుపు. బాకీ 84,600 అని రాసి ఉంది. జాతీయ లోక్ అదాలత్, 2025 మార్చి 8, రెండో శనివారం, ఒంగోలు జిల్లా కోర్టు ఆవరణ.

పదింటికల్లా వెళ్లాం. బ్యాంకుకో బల్ల, బల్ల వెనక ఫ్లెక్సీ, ముందు ప్లాస్టిక్ కుర్చీలు. అచ్చం పెళ్లి భోజనాల దగ్గరలా ఉంది, ఎవరి మొహంలోనూ నవ్వు లేదు అంతే. మా పేరు పిలిచేసరికి మూడూ నలభై. మధ్యాహ్నానికి రెండు అరటిపళ్లు. ఏదైనా డబ్బాలో పెట్టుకుని వెళ్లండి. బ్యాంకు అబ్బాయి 70,000 దగ్గర మొదలుపెట్టాడు. నేను 40,000 అన్నాను. అక్టోబరు ఆసుపత్రి బిల్లు, నా జీతం స్లిప్పు, నా నోటుబుక్కు మూడూ బల్ల మీద పెట్టాను. అతను మొదటి రెండూ చూడలేదు, నోటుబుక్కు మాత్రం పేజీలు తిప్పాడు. బెంచి మీద ఉన్న పెద్దావిడ, "నెలకు ఎంత కట్టగలవమ్మా, నిజం చెప్పు" అన్నారు. పన్నెండు వేలు, నాలుగు నెలలు అన్నాను. 48,000 దగ్గర రాశారు. కోర్టు ఫీజు లేదు. అక్కడ రాసుకున్నదాన్ని అవార్డు అంటారు, దాని మీద అప్పీలుకు పోవడానికి ఉండదు. ఒక్క వాయిదా తప్పితే పాత బాకీ మొత్తం లేస్తుందని అందులో ఉంది, అది రెండుసార్లు చదివించుకున్నాను.

మార్చి వాయిదా ట్యూషను డబ్బుతో, ఏప్రిల్ వాయిదా జీతంతో వెళ్లాయి. ఏప్రిల్‌తోనే చీటీ కూడా అయిపోయింది. మే దగ్గర ఊపిరి ఆగింది, జీతం లేదు. నా వెండి పట్టీలు అమ్మాను, తరుగు తీసి 9,200 ఇచ్చారు. మిగిలినవి మా ఆయన తెచ్చారు, ఆ నెల మోటార్లు బాగా కాలాయి. జూన్ 28న చివరి వాయిదా కట్టాను. బాకీ లేదన్న ఉత్తరం కోసం రెండుసార్లు ఈమెయిలు, ఒకసారి స్వయంగా వెళ్లడం. ఆగస్టు 7న చేతికొచ్చింది.

దీనికి ఇంకో మూల్యం ఉంది. రిపోర్టులో ఆ కార్డు ఎదురుగా 'క్లోజ్డ్' అని కాదు, 'సెటిల్డ్' అని పడింది. పూర్తిగా కట్టకుండా రాజీపడ్డామని అర్థం. సెప్టెంబరులో ఫ్రిజ్ చెడిపోయి ట్రంకు రోడ్డు మీద ఒక షాపులో వాయిదాల మీద అడిగితే, ఆ కుర్రాడు కంప్యూటర్ చూసి, "సార్ పేరు మీద ప్రయత్నిద్దామా మేడమ్?" అన్నాడు. వద్దని వచ్చేశాం. పాతదానికే 2,300 పెట్టి గ్యాస్ ఎక్కించాం, పనిచేస్తోంది. స్తోమతు ఉన్నవాళ్లు రాజీకి వెళ్లకుండా, బాకీ పేరుకోకముందే బ్యాంకును అడిగి ఆ మొత్తాన్ని తక్కువ వడ్డీ వాయిదాల్లోకి మార్పించుకోవడం మేలు. నాకు ఆ సంగతి అక్టోబరుకు ముందు తెలియదు.

ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నోటుకు 15,000 చొప్పున కట్టాను. వెనక మూడు చెల్లులు పడ్డాయి. అసలు 70,000కి దిగింది.

నవంబరు 18న బంగారం అప్పు ఏడాది గడువు తీరి తిరగరాయించడానికి వెళ్లాను. కౌంటరులో ఆయన రేటు చూసి, "ఇవే నగల మీద ఇంకో లక్ష దాకా వస్తుందండీ, ఇవ్వమంటారా?" అన్నారు. లక్ష అనగానే కొత్త ఫ్రిజ్, పెద్దాడి కళ్లజోడు, అద్దె బకాయి లేని సంక్రాంతి, అన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి. బయటికి వచ్చి మంచినీళ్లు తాగాను. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24, ఇక్కడ 9. డబ్బై వేలకు నెలకు 1,400 బదులు 525. లోపలికి వెళ్లి సరిగ్గా 70,000 అడిగాను. "డబ్బై ఏమిటండీ, లక్ష తీసుకోండి" అన్నారాయన. డబ్బై చాలన్నాను. మొత్తం అప్పు 2,50,000 అయింది, నెలకు 1,875.

23న ఆదివారం టంగుటూరు. డబ్బు లెక్కపెట్టుకోబోతుంటే నోటు తెచ్చి ఇవ్వమన్నాను. నోటు కనిపించలేదు. బీరువా, దిండు కింద, పెట్టె, బట్టల అర అన్నీ వెతికారు. "డబ్బు ఇచ్చి వెళ్లమ్మా, దొరికాక పంపిస్తాను" అన్నారు పిన్నిగారు. ఏడాది కిందటైతే ఇచ్చి వచ్చేదాన్ని. నలభై నిమిషాలు సంచీ ఒళ్లో పెట్టుకుని, మా అక్కలాగే కూర్చున్నాను. చివరికి నోటు పోయినేటి పంచాంగంలో దొరికింది. 'మొత్తం చెల్లు' అని రాసి బాబాయిగారు సంతకం పెట్టారు, నేను డబ్బు ఇచ్చాను, రెవెన్యూ స్టాంపు మీదున్న నా పాత సంతకాన్ని ఆయనే అడ్డంగా చించి నోటు నా చేతిలో పెట్టారు. భోజనం చేసి వెళ్లమన్నారు. చేసి వచ్చాం.

బంగారం మీది రెండున్నర లక్షలు, డ్వాక్రాలో ఇంకా మూడు వాయిదాలు ఉన్నాయి. జూలైలో బ్యాంకులో ఒక ఆర్డీ (నెలనెలా దాచుకునే ఖాతా) మొదలుపెట్టాను, నెలకు 1,500. ఇప్పటికి 7,500 అయింది. మే నెలకు 15,000 కావాలి.